మొలక శాతం ఎంత సార్?

మే నెల దాటిందంటే కర్నూలు నుంచి కడపకు పోయే రోడ్డు పక్కన వేపచెట్లు కనపడవు, ఫ్లెక్సీలు కనపడతాయి. నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి, మైదుకూరు... ఊరు మారినా బోర్డు మీద బొమ్మ మారదు. ఒక మూల టై కట్టుకున్న కుర్రాడు, ఇంకో మూల ల్యాప్‌టాప్ పట్టుకున్న అమ్మాయి, మధ్యలో లక్షల ప్యాకేజీలు. అడుగున వరుసగా పొడి అక్షరాలు: ఏఐసీటీఈ, జేఎన్‌టీయూఏ, ఎన్‌బీఏ, నాక్, ఐఎస్‌ఓ. ఎండకు కళ్లు చిట్లించుకుని చూసే తండ్రికి అవన్నీ కలిసి ఒకే మాటగా వినపడతాయి. గవర్నమెంటు గుర్తింపు ఉంది!

ఆ రోడ్డు పక్కనే ఉన్న ఒక ప్రైవేటు కాలేజీలో పాతికేళ్లకు పైగా ఎలక్ట్రికల్ పాఠాలు చెబుతున్నాను. కాలేజీ పేరు ఎందుకులెండి, పేరు మారిస్తే చాలా కాలేజీల కథ ఇదే. అడ్మిషన్ల రోజుల్లో మాలో కొందరిని గేటు దగ్గర షామియానా కింద కూర్చోబెడతారు. వచ్చినవాళ్లకు మజ్జిగ ఇచ్చి, కోర్సుల గురించి చెప్పడం మా పని.

ఒక ఏడాది కోవెలకుంట్ల వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. కొడుకును వెంట తెచ్చుకున్నాడు గానీ వాడు ఫోనులోంచి తల ఎత్తలేదు. ఈయన మాత్రం మా కరపత్రంలోని ప్రతి అక్షరం మీదా వేలు పెట్టి అడిగాడు. ఎన్‌బీఏ దగ్గర ఆగాడు.

"ఇదేంది సార్?"

"కోర్సు ఎట్లా నడుస్తోందో బయటివాళ్లు వచ్చి చూసి ఇచ్చే సర్టిఫికెట్ అన్నా."

"అంటే శనగ విత్తనాల మూటకు నీలం ట్యాగు కుడతారే, అట్లాంటిదా?"

"దాదాపు అంతే."

"అయితే మొలక శాతం ఎంత సార్?"

నల్లరేగడిలో శనగ వేసేవాళ్లకు ఈ లెక్క నోటికి వచ్చు. ధ్రువీకరించిన శనగ విత్తనం నూటికి కనీసం 85 మొలవాలి. ట్యాగు ఉన్నా సరే, నమ్మకం చాలనివాడు తడిపిన గోనెపట్టాలో నూరు గింజలు చుట్టిపెట్టి, మొలకెత్తినవి లెక్కపెట్టుకుంటాడు. ఆయన అడిగింది ఉద్యోగాల లెక్క కాదు. అది ఫ్లెక్సీ మీదే ఉంది, దాన్ని ఆయన నమ్మలేదు కూడా. నూరుమంది చేరితే ఎంతమంది సరిగ్గా చదివి బయటపడతారని అడిగాడు. ఆ అంకె మా దగ్గర ఉంటుంది. ఎన్‌బీఏ దరఖాస్తులో ఒక పట్టిక నిండా అదే. నాలుగేళ్లలో ఏ సబ్జెక్టూ తప్పకుండా గట్టెక్కినవాళ్లు మా బ్రాంచిలో అప్పటికి సగానికి తక్కువే. ఉన్నది ఉన్నట్టే చెప్పాను.

ఆయన నవ్వాడు. "విత్తనమైతే మూట వాపసిచ్చేస్తాం సార్."

అయినా కొడుకును చేర్చాడు. మా కాలేజీ బస్సు వాళ్ల ఊరికి వెళ్తుంది.

ఇక్కడ ఒక ముడి విప్పాలి. మనవాళ్లు 'గుర్తింపు' అనే ఒక్క మాటతో మూడు వేర్వేరు పనులను కలిపేస్తారు. కాలేజీ పెట్టడానికి, ఫలానా బ్రాంచిలో ఇన్ని సీట్లు నడపడానికి అనుమతి ఇచ్చేది అఖిల భారత సాంకేతిక విద్యామండలి. అదే ఏఐసీటీఈ. 1945లో సలహా సంఘంగా పుట్టి, 1987 చట్టంతో అధికారం తెచ్చుకుంది. ఇది దుకాణం లైసెన్సు లాంటిది. సిలబస్, పరీక్షలు, పట్టా యూనివర్సిటీ పని. మా వైపు అనుబంధ కాలేజీలకు 2008లో ఏర్పడిన అనంతపురం జేఎన్‌టీయూ ఆ పెద్దదిక్కు. ఈ రెండూ లేకపోతే అసలు కాలేజీయే లేదు. కాబట్టి 'ఏఐసీటీఈ అనుమతి కలదు' అని పెద్దక్షరాలతో వేసుకోవడం, హోటలాయన 'మా దగ్గర పొయ్యి కలదు' అని బోర్డు పెట్టుకోవడం లాంటిది.

మూడోది అక్రిడిటేషన్. కాలేజీయే అర్జీ పెట్టుకుని, రుసుము కట్టి, వచ్చి చూడండని పిలుచుకోవాలి. ఇంజినీరింగ్‌కు ఆ పని చేసేది నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రిడిటేషన్, అంటే ఎన్‌బీఏ. ఇది కాలేజీకి సర్టిఫికెట్ ఇవ్వదు, కోర్సుకు ఇస్తుంది. ఒకే ప్రాంగణంలో ఎలక్ట్రానిక్స్‌కు ఉండి సివిల్‌కు లేకపోవచ్చు. మూడేళ్లకో ఆరేళ్లకో గడువు తీరుతుంది. కాలేజీ మొత్తాన్ని చూసి గ్రేడు ఇచ్చేది బెంగళూరులోని నాక్. నాక్ ఊరిని చూస్తుంది, ఎన్‌బీఏ ఒక్కో ఇంటి తలుపు తడుతుంది అనుకుంటే సరిపోతుంది. రెండూ 1994లో పుట్టినవే.

ఈ ఆలోచన మనది కాదు. అమెరికాలో ఇంజినీర్ల సంఘాలు కొన్ని కలిసి 1932లోనే ఒక మండలి పెట్టుకున్నాయి. ఏ కాలేజీలో చదివినవాణ్ని ఇంజినీరు అనవచ్చో తేల్చుకోవడం వాళ్ల అవసరం. ఆ మండలే 1980లో ఏబెట్‌గా పేరు మార్చుకుంది. మన దగ్గర ఎన్‌బీఏ ఏఐసీటీఈ ఒడిలోనే పెరిగింది. సీట్లకు అనుమతి ఇచ్చే ఇంట్లోనే నాణ్యత తీర్పు కూడా చెప్పడమేమిటన్న ప్రశ్న చాలాకాలం నలిగింది. 2010 జనవరిలో గానీ అది విడిగా కాపురం పెట్టలేదు. దేశాల మధ్య ఇంజినీరింగ్ పట్టాలను పరస్పరం ఒప్పుకునే వాషింగ్టన్ ఒప్పందం 1989 నాటిది. అందులో మనకు పూర్తి సభ్యత్వం దక్కింది 2014 జూన్ 13న.

రాయలసీమ విషయానికొస్తే, 1946లో మద్రాసు గిండీలో మొదలై 1948లో అనంతపురం చేరిన ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీయే మా పెద్దలకు చాలా ఏళ్లు దిక్కు. 1980 ప్రాంతంలో కడపకు కేఎస్ఆర్ఎం వచ్చింది. ఆ దశకం నడుమ కర్నూలుకు పుల్లారెడ్డి కాలేజీ వచ్చింది. మిఠాయి అమ్మి సంపాదించిన డబ్బును బడికి పెట్టిన మనిషి పేరది. నంద్యాలకు 1995లో ఆర్జీఎం, పులివెందులకు 2006లో జేఎన్‌టీయూ వారి కాలేజీ. ఇవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినవి. 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ మొదలయ్యాక లెక్కకు వేళ్లు చాలలేదు. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలు ఏడు వందల దాకా పోయాయి. పొలం అమ్మకుండా పిల్లల్ని ఇంజినీర్లను చేయొచ్చన్న ఆశ సీమ పల్లెలకు చిన్నది కాదు. మా క్లాసులో తొలితరం చదువుల పిల్లలు నిండింది అప్పుడే. ఆ పథకాన్ని ఎవరేమన్నా నేను తిట్టను. కానీ ట్యాగు సంగతి ఎవరు అడుగుతారు? సీటు దొరకడమే పండగ.

అడగడం మొదలైంది తర్వాత్తర్వాత, సీట్లు మిగిలిపోతున్నప్పుడు. అప్పుడు యాజమాన్యాలకు ఎన్‌బీఏ గుర్తొచ్చింది.

దరఖాస్తును సెల్ఫ్ అసెస్‌మెంట్ రిపోర్టు అంటారు. మమ్మల్ని మేమే కొలుచుకుని రాసుకునే జాతకం. మొత్తం వెయ్యి మార్కులు. మేం రాసిన ఫార్మాటులో అధ్యాపకులకు 200, విద్యార్థుల ఫలితాలకు 150, ల్యాబులూ వసతులకు 80. 'ఈ కోర్సు చదివినవాడు చివరకు ఏం చేయగలడు' అన్నదానికి 120. పాత పద్ధతిలో గదులు, పుస్తకాలు, యంత్రాలు లెక్కపెట్టి పోయేవాళ్లు. ఇప్పుడు లెక్క తిరగబడింది. నువ్వేం చెప్పావని కాదు, పిల్లవాడికి ఏం వచ్చిందో చూపించమంటారు. ప్రశ్న మాత్రం నిక్కమైన ప్రశ్న. కోవెలకుంట్ల రైతు అడిగిందే.

దానికి మేం జవాబు చెప్పే తీరు చూస్తే మీకు నవ్వొస్తుంది. ప్రతి సబ్జెక్టుకూ ఐదారు లక్ష్యాలు రాయాలి. కోర్సు మొత్తానికి పన్నెండు ఫలితాలు ఉండేవి, ఈ మధ్య పదకొండు చేశారు. ఒక్కో లక్ష్యం ఒక్కో ఫలితానికి ఎంత తోడ్పడుతుందో ఒకటి, రెండు, మూడు అని గళ్లలో అంకెలు వేయాలి. పరీక్షల మార్కులు వాటిలో పోసి గుణిస్తే చివర 2.14 అనో 1.87 అనో తేలుతుంది. పంచాంగంలో ఆదాయం, వ్యయం చూసుకున్నట్టు మేం ఆ అంకెలు చూసుకుంటాం. 'జీవితాంతం నేర్చుకునే గుణం' మా పిల్లల్లో 1.9 అని నేనే టైపు చేశాను. మా అవ్వ ఉంటే దిష్టి తీసేది.

ఆరు నెలలు రాత్రిళ్లు కూర్చుని ఫైళ్లు కుట్టాం. 2018 మార్చిలో బృందం వస్తుందని కబురందింది.

మార్చి అంటే మా వైపు బోర్లు ఎగశ్వాస తీసే కాలం. హాస్టలు పిల్లలకు స్నానానికి బకెట్ల లెక్క. ఆ పదిహేను రోజులూ రోజుకు రెండు ట్యాంకర్లు వచ్చాయి, మెయిన్ బ్లాకు ముందు కొత్తగా పరిచిన పచ్చికకు. పూలకుండీలు అద్దెకు తెచ్చారు. ప్రతి తలుపుకూ బోర్డు కొట్టారు. ముప్పై ఏళ్లుగా చీపుర్లు పెట్టుకుంటున్న గదికి కూడా 'ఆవిష్కరణల కేంద్రం' అని పేరు పడింది. అటెండరు ఒకాయన చీపురు కావాల్సినప్పుడల్లా "ఆవిష్కరించుకోనొస్తా సార్" అని వెళ్లేవాడు.

మావాళ్లు మేలే. ఒక మిత్రుడు పనిచేసే ఇంకో కాలేజీలో ఆ మూడు రోజుల కోసమే ఎక్కడి నుంచో ఇద్దరు డాక్టరేట్లు దిగారట. విభాగాధిపతి గది చూద్దాం రండని బృందం లేస్తే, ఆ విభాగాధిపతే దారి కోసం అటెండరు వంక చూశాడట.

మా బృందం శుక్రవారం వచ్చి ఆదివారం పోయింది. కోర్సుకు ఇద్దరు చొప్పున పరిశీలకులు, అందరికీ కలిపి ఒక అధ్యక్షుడు. మా బ్రాంచికి వచ్చినవాళ్లలో ఒకాయన మితభాషి. పచ్చికను చూడలేదు. ఫైళ్లలో నాలుగు తీసి, ప్రశ్నపత్రాలు తిరగేసి పక్కన పెట్టాడు. తర్వాత యంత్రాల ల్యాబుకు వచ్చి, అధ్యాపకులందర్నీ బయటికి పొమ్మన్నాడు. మూడో సంవత్సరం పిల్లలతో తనే మాట్లాడతానన్నాడు.

పిల్లలకు ముందే రిహార్సల్ అయింది. ఏం అడిగితే ఏం చెప్పాలో కాగితం మీద రాసిచ్చారు. తలుపు అద్దంలోంచి నాకు కొంత కనపడుతోంది, కొంత వినపడుతోంది. ఆయన డీసీ మోటారు దగ్గర నిలబడి రుద్రవరం వైపు పల్లె నుంచి వచ్చే ఒక అమ్మాయిని అడిగాడు. లోడ్ టెస్ట్ ఎట్లా చేస్తావు? అమ్మాయి సర్క్యూటు గీసి చూపించింది. స్టార్టర్ ఎందుకో చెప్పింది. అది లేకుండా నేరుగా వేస్తే కరెంటు ఎన్ని రెట్లు దూకుతుందో, తీగచుట్లు ఎట్లా కాలిపోతాయో చెప్పింది. నా ఛాతీ ఉబ్బింది. అప్పుడాయన, సరే, ఆ హ్యాండిల్ పట్టుకుని మోటారు నడిపించు అన్నాడు.

ఆ అమ్మాయి కదల్లేదు.

"నేనెప్పుడూ పట్టుకోలేదు సార్. చూసినా. బ్యాచ్‌కు పదిమందిమి ఉంటాం. ఒకరు పట్టుకుంటారు, ఒకరు మీటర్ చదువుతారు. మిగతావాళ్లు రాసుకుంటాం."

సాయంత్రానికి కాలేజీ అంతా పాకిపోయింది. పరువు తీసిందన్నారు కొందరు. ఇంతమంది కష్టాన్ని ఒక్క మాటతో బూడిదలో పోసిందన్నారు ఇంకొందరు. మరుసటి రోజు ఆ పిల్ల నా గది బయట నిలబడి ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"సార్, ఇంటర్నల్స్‌లో మార్కులు తీసేస్తారంట కదా?"

"ఎవరూ తీయరమ్మా. నువ్వు క్లాసుకు పో."

తీయలేదు కూడా. అందుకు మా విభాగాధిపతికి దండం పెట్టాలి. ఆయన అందరి ముందూ ఒకటే అన్నాడు. ఆ పిల్ల చెప్పిందాంట్లో అబద్ధం ఉంటే చూపండి, అప్పుడు మాట్లాడదాం.

కొన్ని నెలలకు ఫలితం వచ్చింది. మూడేళ్లకు అక్రిడిటేషన్. దానితోపాటు బృందం నివేదిక. అందులో లోపాల కింద ఒక వాక్యం: యంత్రాల ల్యాబులో విద్యార్థులు సొంత చేతులతో ప్రయోగం చేసే అవకాశం చాలడం లేదు. ఇంగ్లిషులో ఒకటిన్నర వరుస. ఇంకో మోటారు జనరేటర్ సెట్టు కావాలని మేం ఎనిమిదేళ్లుగా పెట్టిన ఇండెంట్లు ఆఫీసు బీరువాలో ఉన్నాయి. వాటిని కదిలించలేనిది ఈ ఒకటిన్నర వరుస కదిలించింది. తర్వాతి దఫా వచ్చేవాళ్లు ఈ లోపం తీర్చారా అని మొదట అదే అడుగుతారని యాజమాన్యానికి తెలుసు. దసరా లోపల రెండు కొత్త సెట్లు దిగాయి. బ్యాచ్ నలుగురికి తగ్గింది. ఆ అమ్మాయి నాలుగో సంవత్సరంలోకి వచ్చేసింది కాబట్టి ఆ ల్యాబు ఆమెకు లేదు. ఒక శనివారం మధ్యాహ్నం స్నేహితురాళ్లను వెంటేసుకుని వచ్చి, పర్మిషన్ అడిగి, మోటారు నడిపించుకుని వెళ్లింది. చదువు అయ్యాక ఓర్వకల్లు వైపు సోలార్ ప్లాంటులో చేరింది. గని, శకునాల దగ్గర 2017లో వెయ్యి మెగావాట్ల పార్కు పూర్తయ్యాక మా ఎలక్ట్రికల్ పిల్లలకు సొంత జిల్లాలోనే కొంత పని కనిపించింది.

ఇదంతా విని ఎన్‌బీఏ ముద్ర ఉంటే ఇక అన్నీ సవ్యమని మీరనుకుంటే నా మీద నింద పడుతుంది. ట్యాగు ఉన్న విత్తనమూ మొలవని సందర్భాలు మన రైతులకు కొత్తవి కావు. 2025 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లాలోని ఒక విద్యాసంస్థకు మంచి గ్రేడు కోసం లంచాలు చేతులు మారాయన్న ఆరోపణతో, సీబీఐ ఏకంగా నాక్ తనిఖీ బృందం సభ్యులనే అరెస్టు చేసింది. నిజమెంతో కోర్టు తేలుస్తుంది. ఆ వార్త చదివిన రోజు మా స్టాఫ్‌రూములో మాత్రం ఎవరూ ఆశ్చర్యపోలేదు. నాకు అదే ఎక్కువ బాధనిపించింది.

ముద్ర ఉన్నా అన్ని ముద్రలూ ఒకటి కావు. నా పాత విద్యార్థి ఒకడు మెల్‌బోర్న్ నుంచి ఫోను చేశాడు. "సార్, మన కోర్సుకు ఎన్‌బీఏ ఉంది కదా, వాషింగ్టన్ ఒప్పందం కింద నా డిగ్రీని నేరుగా ఒప్పుకోవాలి కదా?" ఒప్పుకోరు. ఎన్‌బీఏలో రెండు మెట్లున్నాయి. సొంతంగా సిలబస్ రాసుకునే స్వయంప్రతిపత్తి కాలేజీలు, యూనివర్సిటీలు మొదటి మెట్టు. మాలాంటి అనుబంధ కాలేజీలు రెండో మెట్టు. వాషింగ్టన్ ఒప్పందం మొదటి మెట్టు వరకే. పాపం వాడు తన ఉద్యోగ అనుభవాల మీద మూడు పెద్ద వ్యాసాలు రాసి, తాను ఇంజినీరునేనని అక్కడి సంస్థకు రుజువు చేసుకోవాల్సి వచ్చింది. ఫ్లెక్సీల మీద ఈ మెట్ల సంగతి ఎక్కడైనా చదివారా?

అందుకే షామియానా కింద నా ముందు కూర్చున్నవాళ్లకు చెబుతుంటాను. ఎన్‌బీఏ ఉందా అని అడగొద్దు. మీ అబ్బాయి చేరే బ్రాంచికి ఉందా, ఏ సంవత్సరం దాకా ఉంది అని అడగండి. ఎన్‌బీఏ వెబ్‌సైటులో కాలేజీ పేరు కొడితే కోర్సు, గడువు తేదీతో సహా వస్తుంది. ఇంట్లో ఫోను పట్టుకుని కూర్చున్న పిల్లలు ఉండనే ఉన్నారు, వాళ్ల చేతే చూపించుకోండి. వీలైతే ఒకరోజు ల్యాబులోకి వెళ్లి, అక్కడ చదివే పిల్లల్ని అడగండి. అధ్యాపకులు లేనప్పుడు.

ఈ సలహాకూ ఇప్పుడు కాలం చెల్లుతున్నట్టుంది. వచ్చేవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది అడిగేది కంప్యూటర్ సైన్సు, అందులోనూ కృత్రిమ మేధ, డేటా సైన్సు. రెండు బ్యాచ్‌లు చదువు పూర్తి చేసుకుని బయటికి పోతే గానీ ఏ కోర్సుకూ ఎన్‌బీఏకు దరఖాస్తు పెట్టే వీలు లేదు. నిన్నగాక మొన్న పుట్టిన బ్రాంచికి ట్యాగు ఎక్కడి నుంచి వస్తుంది? కాలేజీకి ఉన్న నాక్ గ్రేడో, పక్క బ్రాంచికి ఉన్న ఎన్‌బీఏనో ఫ్లెక్సీ మీద దీని పక్కన కూర్చుంటుంది. 2024-25 నుంచి ఏఐసీటీఈ ఒక్కో బ్రాంచిలో సీట్ల పరిమితిని కూడా ఎత్తేసింది. బాగా నడిచే కాలేజీలు ఒకే కోర్సులో సెక్షన్ల మీద సెక్షన్లు తెరుచుకోవచ్చు.

మరి ట్యాగు ఉన్న బ్రాంచికి? ఎన్‌బీఏకు దరఖాస్తు పెట్టాలంటే సీట్లలో కనీసం ఇంత శాతం నిండి ఉండాలన్న షరతు ఉంది. మా ఎలక్ట్రికల్‌లో 2021లో రెండోసారి కూడా అక్రిడిటేషన్ వచ్చింది. ల్యాబును మెచ్చుకున్నారు. అప్పటికే 120 సీట్లను 60 చేశారు. ఆపైన అవీ నిండలేదు. 2024లో గడువు ముగిసే ముందు యాజమాన్యం మీటింగు పెట్టింది. మూడేళ్ల అడ్మిషన్ల పట్టిక గోడ మీద వేశారు. మీటింగు పావుగంట కూడా సాగలేదు.

దరఖాస్తు పెట్టలేదు. ఫ్రేము కట్టించిన సర్టిఫికెట్ ఆఫీసు గోడకు ఇంకా ఉంది. కింది వరుసలోని తేదీని దగ్గరకు పోతే తప్ప ఎవరూ చదవలేరు. బేసిక్ ఎలక్ట్రికల్ ల్యాబు కోసం మొదటి సంవత్సరం కంప్యూటర్ సైన్సు పిల్లలు గురువారాలు మా దగ్గరికి వస్తున్నారు. సెక్షన్‌కు డెబ్బై మంది. మళ్లీ బ్యాచ్‌కు పదిమంది పడుతున్నారు. వారానికి ఇంకో పూట ఇవ్వండి, సగం సగం చేసి పిలుచుకుంటామని నేనూ ల్యాబు టెక్నీషియనూ కలిసి టైమ్‌టేబుల్ ఇన్‌చార్జికి కాగితం పెట్టాం. ఇంకా జవాబు రాలేదు.